మూడుకాళ్ళ ముడి

ఆ ఫిబ్రవరిలో పుస్తకాలు మూయించాను.
"మీ ఇంట్లోంచి ఒక ప్రశ్న పట్టుకురండి,
జవాబు నాకు తెలియనిదైతే మరీ మంచిది."

మల్పీకా రేవులో ఫిబ్రవరి అంటే వానే.
కిటికీ అద్దాల మీద ఉప్పు పొర,
కట్టేసిన పడవలు,
ఇళ్ళలో పనిలేక గొణిగే తండ్రులు.
రోయ్ దీపస్తంభం రెప్పపాట్లు లెక్కపెట్టాడు.
రొట్టెల కొట్టు వాళ్ళ నొయేలా
వరసలో ఎవరు ఎంతసేపు నిలబడ్డారో రాసుకొచ్చింది.
ఉషీయా ఒక నీలం సంచీ తెచ్చి
నా బల్ల మీద బోర్లించింది.
చిరిగిన వల. గదంతా చేపల వాసన.
"నా దగ్గర ప్రశ్న లేదు. ఇదే ఉంది."

పదికి మూడున్నర దాటని పిల్ల.

"దోసిందా అమ్మమ్మ వల బాగుచేసేటప్పుడు
మూడుకాళ్ళ ముడి దగ్గరే మొదలెడుతుంది,
ఇంకో మూడుకాళ్ళ ముడి దగ్గరే ఆపుతుంది.
ఎందుకంటే చెప్పదు.
లేకపోతే మధ్యలో దారం తెంపాల్సొస్తుంది,
నోరు మూసుకుని కండె అందుకో, అంటుంది."

నాకు తెలుసు.
ఇరవై రెండేళ్ళుగా నల్లబల్ల మీద
నేనెన్నడూ నడవని ఊరి వంతెనలు గీసి
చెబుతున్నది అదే.
నాలుక చివరిదాకా వచ్చింది సిద్ధాంతం,
పేరుతో సహా.
పళ్ళ బిగువున ఆపాను.
గుండె మీద పిల్లి కూర్చున్నట్టుంది.

గళ్ళ కాగితం మీద ఆమె చిరుగులు గీసింది.
తెగని ముడికి నాలుగు కాళ్ళు.
ఒకటో మూడో తెగితే బేసి, ఎర్ర చుక్క.
రెండు తెగితే సరి, పచ్చ చుక్క.
ఇరవై ఏడు చిరుగులు.
రెండే ఎర్రచుక్కలున్న చోట
కండె ఒక్క ఊపులో అల్లుకుపోయింది.
నాలుగున్న చోట
ముసలామె చాకు తీసి
బాగున్న దారాన్నే పుటుక్కున కోసింది.

మర్నాడు గంట కొట్టకముందే
తడి జుట్టుతో గుమ్మంలో నిలబడింది ఉషీయా.
"చిరుగు పెద్దది చేస్తే గాని పూడలేదు, మాస్టారూ!
ఎరుపుకీ ఎరుపుకీ మధ్య కాలు కోస్తే
రెండూ పచ్చబడ్డాయి."
సరిచెయ్యడమంటే
అక్షరాలా సరి చెయ్యడమే.

అంతటితో ఊరుకోలేదు.
మూడే ఎర్రచుక్కల చిరుగు ఉండదా అని
నాలుగు వారాలు వెతికింది.
కత్తెర పట్టి పాత వలలు కావాలని చింపింది.
దోసిందా చెప్పు విసిరిందట.
మూడు దొరికిన ప్రతిసారీ
ఏ మూలో నాలుగోది నక్కి ఉండేది.
ఐదు దొరికితే ఆరోది.
ఒక మధ్యాహ్నం చెప్పబోయి,
దగ్గి ఊరుకున్నాను.

మార్చి చివర, వరండాలో,
రెండు చేతుల మధ్య జానెడు దారం సాగదీసి పట్టుకుని:
"తెగిపోయిన దారం ఏదైనా
రెండు ముడుల దగ్గర లేకుండా పోతుంది.
ఒక్కచోటే లేకుండా పోవడం
దానికి చేతకాదు. అందుకే
బేసి ముడులు జంటగానే వస్తాయి."

పుస్తకంలో ఉన్నది ఇదే.
ఇలా మాత్రం లేదు.

ప్రదర్శన రోజున దోసిందా
రబ్బరు బూట్లతోనే వచ్చింది.
చార్టు ముందు చాలాసేపు నిలబడి
"ఏడో బొమ్మలో ముడి తిరగబడింది" అంది.
"దీనికి రెండు నెలలా?" అంది.
వెళ్ళబోయి ఆగింది.
"ఎర్రచుక్కలు దూరదూరంగా పడి ఉంటే
ఏ దారాలు కోస్తే తక్కువ కోతతో పోతుందో
నాకు చూపు ఆనగానే తెలుస్తుంది.
నీ కాగితం చెప్పగలదా?"

ఉషీయా చెవి మీంచి పెన్సిలు తీసింది.
నా వైపు చూసింది.
ఈసారి నిజంగానే నాకు తెలియదు.
పక్కనున్న రోయ్ చార్టు కింద నుంచి
రెండు కుర్చీలు లాగి,
ఆలోచించి,
మూడోది కూడా లాగాను.